ముళ్ళకంప చాటు వంకాయలు

హులిగెమ్మ నోరు జారింది. జారినప్పుడు ఆమె చేతిలో జొన్నరొట్టె ఉంది, ఎదురుగా పీట మీద మామ రంగన్న ఉన్నాడు, గడప మీద మామ స్నేహితుడు మద్దయ్య చుట్ట వెలిగించుకుంటూ ఉన్నాడు. కొత్త కోడలు నోరు జారడానికి ఇంతకంటే చెడ్డ సమయం వెతికినా దొరకదు.

"ఇవేమి వంకాయలు మామా! మా మాధవరంలో ఇట్లాటివి ఎనుములకు ఏస్తారు."

ఆ వంకాయలు సంతలో బేరమాడి తెచ్చింది రంగన్నే. ఆయన ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఎడ్లబండి తోలుతాడు. పోయేటప్పుడు పత్తి మూటలు, వచ్చేటప్పుడు ఏది దొరికితే అది. ఊళ్ళో ఆయన ఎడ్లకు పేరుంది. ఇంటి వెనక పెరట్లో ఆయన పండించే పొగాకుకు అంతకంటే పేరుంది. రంగన్న పొగాకుతో చుట్టిన చుట్ట ఒక్కటి చాలు, ఆదోని దాకా ఆకలి తెలియదని మద్దయ్య పదిమందిలో అంటాడు. మద్దయ్య మాటను కాదనేవాళ్ళు లేరు, ఎందుకంటే ఏ బండికి సరుకు ఎక్కాలో తేల్చేది ఆయనే. అంతటి మనిషి ఎదుట, ఇంకా కాళ్ళ పారాణి ఆరని కోడలు తన బేరాన్ని గేదెల పాలు చేస్తే ఏ మామ ఊరుకుంటాడు?

రంగన్న మూతి తుడుచుకుని మీసం సవరించాడు. "అట్లనా? అయితే మీ మాధవరం వంకాయ పండించి సూపీ."

"నేల ఇయ్యి మామా, సూపిస్తా."

వంటింట్లోంచి అత్త లింగమ్మ కిసుక్కున నవ్వింది. ఈ లింగమ్మకు నవ్వు అదుపులో ఉండదు. చావింటికి పోయినా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చోవాల్సిందే. నలభై అయిదు దాటిన మనిషి, తలనిండా చామంతిపూలు, దవడన ఎప్పుడూ పొగాకు తుంపు. ఆ తుంపు మొగుడి పొగాకులోంచే మాయమవుతుందని ఇంటిల్లిపాదికీ తెలుసు, రంగన్నకు తప్ప.

నేల ఇమ్మన్నదే హులిగెమ్మ మనసులోని అసలు మాట. తుంగభద్ర ఒడ్డున వాళ్ళ నాయన మాదన్నకు కాయగూరల తోట ఉంది. ఆమె నడక నేర్చింది వంకాయ సాళ్ళ మధ్య, మాటలు నేర్చింది దోసపాదుల మీద పడే చిలకలను తోలుతూ. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక ఆమెకు లోటేమీ లేదు. మొగుడు బజారి మంచివాడు, కొంచెం ఎక్కువ మంచివాడే, వీధిలో నడుస్తూ కూడా పెళ్ళాం వైపే చూసి రెండుసార్లు గుంజకు గుద్దుకున్నాడు. అత్త మంచిది. కానీ ఈ ఇంట్లో ప్రతి చెంబుకూ, ప్రతి చేటకూ ఆమె రాకముందే ఎవరో ఒకరు యజమాని ఉన్నారు. పెరడు చూస్తే మామ పొగాకు, నడిమధ్య బారుగా అత్త చామంతులు, కనకాంబరాలు. కొత్తిమీర చల్లుకోవడానికి కూడా జాగా లేదు. ఇది నాది అని వేలుపెట్టి చూపించడానికి ఇంత నేల కావాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. పుట్టింటి నుంచి కొంగున ముడేసుకొచ్చిన వంకాయ విత్తనాలు ఉట్టి మీద డబ్బాలో అట్లాగే ఉన్నాయి.

"సరే ఇను," అన్నాడు రంగన్న. "బాయి పక్క మడి ఇస్తాండా, ఈ ఒక్కతూరికి. కార్తీకంలో మీ నాయన వస్తాడు గదా. ఆ పొద్దు నీ చెట్టు వంకాయ మీ నాయనా నేనూ పక్కపక్కన కూసోని తినాల. తిన్నామంటే సగం దొడ్డి నీది, ఎప్పటికీ. లేదంటే ఈ ఇంట్లో వంకాయ మాటెత్తగూడదు. దొడ్డంతా పొగాకే. మద్దన్నా, నువ్వే సాచ్చి."

"సాచ్చినే," అన్నాడు మద్దయ్య పొగ వదులుతూ, "ఆ పొద్దు నాకూ ఒక రొట్టె ఏస్తే."

బావి దగ్గర రెండు నారుమళ్ళు పక్కపక్కనే లేచాయి. ఒకదాంట్లో మామ పొగాకు నారు, ఇంకోదాంట్లో కోడలు వంకాయ నారు. పొద్దున్నే ఇద్దరూ గొంతుక్కూర్చుని ఎవరి మడి మీద వాళ్ళు బూడిద చల్లుకునేవాళ్ళు, ఎవరి మడిని వాళ్ళు పొగుడుకునేవాళ్ళు. నిజం చెప్పాలంటే ఆ వయసులో రెండు నార్లూ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి. చూపు పెట్టి చూస్తే వంగనారు కాడ కాస్త ఊదాగా ఉంటుంది, వేలితో రాస్తే పొగనారు ఆకు బంకబంకగా ఉంటుంది. అయితే చూడాలి, రాయాలి. ఆ పని ఇద్దరూ చెయ్యకపోవడం వల్లే ఈ కథ పుట్టింది.

నాటే రోజు నారు పీకి, పీచుతో కట్టలు కట్టి, కుడితి తొట్టి పక్కన తడిపిన గోనెపట్టా కింద పెట్టారు. ఎండ దిగాక నాటాలి. బండి విప్పి వచ్చిన రంగన్న నేరుగా పట్టా కింద చెయ్యి పెట్టి ఒక కట్ట అందుకున్నాడు. "నేనూ వస్తా ఉండప్పా" అని లింగమ్మ అంటే, "ముప్పై ఏండ్లుగా నాటతాండా, నువ్వొచ్చి నేర్పాల్నా" అని కసిరి, ఒక్కడే నాటుకుని, చేతులు కడుక్కుని రచ్చకట్టకు పోయాడు.

మిగిలిన కట్ట హులిగెమ్మది. నిదానంగా, ఒక్కో మొక్కకూ వేలెడు గుంట తీసి, పేరు పెట్టి పిలుస్తూ నాటాలని ఆమె అనుకుంది. సరిగ్గా అప్పుడే గోడ అవతల ఈల వినిపించింది.

"హులిగీ! డేరా సినిమా వచ్చిండాది! రెండు టికెట్లు తెచ్చినా!"

బజారి. చేనేత సొసైటీలో మూటలు మోసి, మొహం కడుక్కుని, తలకు ఇంత నూనె పెట్టుకుని, గోడ మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి సినిమాకు పోవడం ఇదే మొదలు. దూరంగా డేరా దగ్గర లౌడ్‌స్పీకర్‌లో పాట మొదలైంది. ఆ పాటలు అయిపోతే ఆట మొదలవుతుందని ఊరందరికీ తెలుసు.

"వస్తాండా, వస్తాండా! ఈ ఒక్క సాలు!"

"ఆ సాలూ నాదే అనుకో, నేను దూకొస్తా!"

"దూకొద్దు! అత్త సామంతులు తొక్కుతావు!"

ఆ సాయంత్రం హులిగెమ్మ నాటిన వేగానికి బావిగట్టు మీది కాకులు కూడా తల తిప్పి చూశాయి. చేతులు మట్టిలో ఉన్నాయి, కళ్ళు గోడ మీద ఉన్నాయి, చెవులు లౌడ్‌స్పీకర్‌లో ఉన్నాయి. నువ్వు నాటుతున్నది ఏమిటి అని ఆ క్షణాన ఎవరైనా అడిగి ఉంటే ఆమె సినిమాలో హీరోయిన్ పేరు చెప్పి ఉండేది. నీళ్ళు పోసి, నీడకు కానుగ రెమ్మలు గుచ్చి, చీర మార్చుకుని, అత్త తలలోంచి రెండు పూలు లాక్కుని పరుగెత్తింది. ఆట అయ్యేదాకా బజారి ఆమె చెయ్యి వదల్లేదు. గోళ్ళలో మట్టి ఉందని ఆమె సిగ్గుపడితే, మట్టి వాసన బాగుందన్నాడు.

మొక్కలు వేరు పట్టాక ఒక ఉదయం ఆమె కానుగ రెమ్మలు తీసేసింది. ముద్దొచ్చి ఒక ఆకు నిమిరింది. వేళ్ళకు బంక అంటుకుంది. ఇంకో ఆకు నిమిరింది. బంక. ముక్కు దగ్గర పెట్టుకుంది. మామ పక్కన కూర్చున్నప్పుడు వచ్చే వాసన!

హులిగెమ్మ మట్టిలోనే చతికిలబడింది. సినిమా పిచ్చిలో చూడకుండా మామ నారు నాటేసింది. కొంప మునిగింది. మాధవరం మాదన్న కూతురు, వంగమొక్కకూ పొగాకు మొక్కకూ తేడా తెలియని మనిషి! ఆమె లేచి, మునివేళ్ళ మీద నడిచి, మామ మడిలోకి తొంగి చూసింది. అక్కడ ఆమె వంగమొక్కలు, ముద్దుగా, ఊదా కాడలతో, తమకేమీ పట్టనట్టు నిలబడి ఉన్నాయి. ఇప్పుడు పీకితే చచ్చిపోతాయి. మళ్ళీ నారు పోస్తే కార్తీకానికి కాపు రాదు. మామతో చెబితే పందెం అక్కడికక్కడే పోతుంది, మద్దయ్య ఊరంతా చెబుతాడు, నాయన చెవిన పడుతుంది. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఆ మధ్యాహ్నం ఆమె పాత చీర ఒకటి తెచ్చి, తన మడి చుట్టూ కట్టెలు పాతి తెర కట్టింది.

"ఏమిటికే ఇది?" అంది లింగమ్మ.

"దిష్టి తగలకుండా అత్తా."

లింగమ్మ చీర పక్కకు జరిపి చూసింది. ఆకు చూసింది. కోడలి మొహం చూసింది. "పాపం, దిష్టి తగిలేదే," అంటూ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది.

వింత ఏమిటంటే, ఆ సాయంత్రమే రంగన్న బండి మీద తుమ్మకంప తెచ్చి తన మడి చుట్టూ దట్టంగా ముళ్ళకంచె వేశాడు.

"ఇదేమిటికప్పా?" అంది లింగమ్మ.

"దిష్టి," అన్నాడు రంగన్న.

లింగమ్మ పశువుల పాకలోకి పోయి ఎడ్ల మధ్య కూర్చుని కడుపుబ్బ నవ్వుకుంది.

హులిగెమ్మకు సంగతి అర్థమైంది. ఆకు నిమిరి మామ కూడా కనిపెట్టేశాడు. తప్పు తనదే అనుకుని బయటపడలేక కంప వేశాడు. ముప్పై ఏళ్ళ పొగాకు మనిషి వంగమొక్కలు నాటుకున్నాడంటే మద్దయ్య ఎదుట తలెత్తుకోగలడా? ఆమె తప్పు ఆమెకుంది, ఆయన తప్పు ఆయనకుంది. ఇద్దరూ నోరు విప్పలేదు.

"ఎట్లుండాయి నీ వంకాయ చెట్లు?" అనేవాడు ఆయన అన్నం ముందు కూర్చుని.

"బాగుండాయి మామా. నీ పొగాకు?"

"దానికేమి, కోట లేసినట్ల లేస్తాంది."

లింగమ్మకు పొలమారి మజ్జిగ ముక్కులోకి పోయేది.

ఇక పెరట్లో దొంగతనాలు మొదలయ్యాయి. ఎవరి చెట్టు మీద వాళ్ళకు ప్రేమ ఉంటుంది కదా, అది ఎక్కడున్నా. రంగన్న బండి కట్టగానే హులిగెమ్మ చీర చెంగు దోపుకుని ముళ్ళకంప సందులోంచి దూరేది. చెట్టు మొదళ్ళు తవ్వేది, పేడనీళ్ళు పోసేది, వాలిన రెమ్మల్లో పురుగు దాగి ఉంటే తుంచి పారేసేది. ఆమె బిందె తీసుకుని నీళ్ళకు పోగానే రంగన్న చీరతెర ఎత్తి లోపలికి దూరేవాడు. పొగాకు తెర దాటి తల బయటపెట్టకుండా మొగ్గలు తుంచేవాడు, పిలకలు గిల్లేవాడు. కాపలా లింగమ్మ. చామంతుల మధ్య కూర్చుని, ఆయన వస్తుంటే ఆమెకు వినబడేలా, ఆమె వస్తుంటే ఆయనకు వినబడేలా దగ్గేది. ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఆమెకు క్షయ వచ్చిందేమోనని మిరియాల కషాయం పంపించారు.

ఇంత పోటీగా పెంచితే ఏ మొక్కయినా ఎందుకు పెరగదు? పొగాకు ఆకులు చేటలంత అయ్యాయి. వంగచెట్లు పూత పట్టాయి, పిందె దిగాయి. మొదటి పిందె చూసిన రోజు హులిగెమ్మ ముళ్ళకంప లోపలే చప్పుడు కాకుండా గంతులేసింది. పిందె పెట్టింది ఎవరి మడిలోనైతేనేం? నాయన వచ్చేలోపల కాయ కోసి వంట చేస్తే, చెట్టు చూపించమని ఎవరడుగుతారు? ఆమె ధైర్యం ఆ స్థాయికి పెరిగింది.

ఒక మధ్యాహ్నం ఆమె వంగచెట్ల నడుమ ఎర్రచీర కట్టుకుని గొంతుక్కూర్చుని పురుగు ఏరుతోంది. బండి చక్రం పట్టా వదులై రంగన్న దారిలోంచే వెనక్కి తిరిగి వచ్చాడు. లింగమ్మ దగ్గింది. ఇంకా గట్టిగా దగ్గింది. హులిగెమ్మకు బయటికి దూరే వ్యవధి లేదు. అట్లాగే బిగుసుకుని కూర్చుంది.

రంగన్న చీరతెర ఎత్తి పొగాకులోకి పోయాడు. కంప సందులోంచి ఆమెకు ఆయన బాగా కనబడుతున్నాడు. ఒక్కో ఆకునూ కింది నుంచి అరచేత్తో తడుముతున్నాడు, ముక్కు ఆనించి వాసన చూస్తున్నాడు, బిడ్డతో మాట్లాడినట్టు ఏదో గొణుగుతున్నాడు. ఆయన చెయ్యి పక్కనే చిటికెన వేలంత పచ్చపురుగు ఆకు కొరుకుతూ ఉంది. ఆయన దాన్ని వదిలేసి పై ఆకు తడిమాడు. ఆమె ఆత్రం కొద్దీ కాస్త కదిలింది. ఆకులు గలగలమన్నాయి.

రంగన్న గిరుక్కున తిరిగి సూటిగా ఆమె వైపు చూశాడు. మొహాలు ఎదురెదురుగా ఉన్నాయి, మధ్యలో ఉన్నది నాలుగు ముళ్ళకొమ్మలు, నడినెత్తిన ఎండ.

"థూ, పాడు మేక! యాడ దూరి వచ్చెరా ఇది!" అంటూ ఆయన మట్టిగడ్డ తీసి విసిరాడు.

గడ్డ ఆమె చెవి పక్కనుంచి పోయింది. హులిగెమ్మకు ఏం తోచిందో ఏమో, "మే... మే..." అంది.

"మే అంట, మే! పో బైటికి!" అని ఆయన తృప్తిగా తన పనిలో పడ్డాడు.

చామంతుల్లో లింగమ్మ నేల మీద పడి దొర్లుతోంది. హులిగెమ్మ కూడా నవ్వు ఆపుకోలేక మోకాళ్ళ మధ్య మొహం దాచుకుంది. ఆయన వెళ్ళిపోయాక ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నవ్వీ నవ్వీ హులిగెమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎర్రచీర. పట్టపగలు. అంత దగ్గర.

"అత్తా, మామకు కండ్లు అగపడవా?"

లింగమ్మ నవ్వు కూడా ఆగింది. మొదటిసారి ఆమె మొహం నవ్వు లేకుండా చూసింది హులిగెమ్మ.

"పోయినేడు నుంచి మసకలు కమ్మతాండాయి. నాతో గూడా ఒప్పుకోడు. ఎడ్లకు దారి తెలుసు గాబట్టి బండి నడస్తాంది. ఎవురితోనూ అనొద్దమ్మీ. మద్దన్నకు తెలిస్తే బండికి సరుకు ఎక్కిస్తాడా? బండి పోతే ఆయన బతకడు."

అప్పుడు హులిగెమ్మకు తెలిసింది. గోనెపట్టా కింద ముందు చెయ్యి పెట్టింది మామ. తనది కాని కట్ట తీసుకుపోయింది ఆయన. మిగిలినది కళ్ళుండీ చూడకుండా నాటింది తను. పందెం గెలవాలంటే ముళ్ళకంప తీసి, ఇవిగో నా చెట్లు అని చూపించాలి. అవి అక్కడికెట్లా వచ్చాయని మద్దయ్య అడిగితే?

"మేక అంట!" అంది లింగమ్మ ముక్కు చీదుకుంటూ, మళ్ళీ నవ్వు మొదలుపెడుతూ.

కార్తీకం వచ్చింది, మాధవరం బస్సు దిగి మాదన్న వచ్చాడు, అడుగుపెడుతూనే మద్దయ్య "నా రొట్టె ఏదీ" అన్నాడు. హులిగెమ్మ తెల్లవారకముందే లేచి కాయలు కోసింది. నాలుగుగా చీల్చి, వేరుశనగ బుడ్డల పొడీ ఎల్లిపాయా కారం కూరి, నూనెలో మగ్గించింది. ఆ వాసనకు బజారి పనికి పోకుండా వంటింటి గుమ్మంలో నిలబడిపోయాడు. మామా, నాయనా పక్కపక్కన కూర్చున్నారు. రంగన్న ఒక కాయ తిన్నాడు. రెండోది తిన్నాడు. మూడోదానికి వేళ్ళు నాకాడు.

"ఒప్పుకుంటావా?" అంది హులిగెమ్మ.

"నోట్లో ఉండాది, ఎట్ల కాదనేది," అన్నాడు రంగన్న, నిజాయితీగా.

మాదన్న కూతుర్ని చూసి పొంగిపోయాడు. "నా ఇత్తనమే. కాయను పట్టుకుంటేనే తెలిసె. నాకంటే బాగా పండించినావే! పద, చెట్లు సూడాల." ఆమె అడ్డం పడేలోపలే ఆయన పెరట్లోకి నడిచాడు. వెనకే మద్దయ్య, చేతిలో సగం రొట్టెతో. కూతురి మడి చీరతెర కట్టినదని బజారి ఎప్పుడో ఆయనకు గొప్పగా చెప్పి ఉన్నాడు, పాపం వాడికేమి తెలుసు. మాదన్న నేరుగా పోయి తెర లాగేశాడు.

పొగాకు. నడుమెత్తు, చేటలంత ఆకులతో, ఏపుగా, నిగనిగలాడుతూ.

మద్దయ్య రొట్టె నమలడం మానేశాడు.

హులిగెమ్మ ముళ్ళకంప వైపు చూసింది. ఒక్క మాట చాలు. పక్క మడిలో ఉన్నాయి నాయనా, అంటే సగం పెరడు ఆమెది. ఆమె రంగన్న వైపు చూసింది. ఆయన తన ఎదుట ఉన్నవాళ్ళలో ఎవరు ఎవరో గొంతును బట్టి పోల్చుకోవడానికి తల కొంచెం పక్కకు వంచి, మొండిగా, నిటారుగా నిలబడి ఉన్నాడు.

"నాటేపొద్దు సినిమా తొందరలో మామ నారు నాటేసినా నాయనా," అంది. "ఈ వంకాయలు సంతలో కొన్నెవి. పందెం ఓడిపోయినా."

"సంతలోనా? ఇది నా ఇత్తనమమ్మా. నా ఇత్తనం నాకు తెల్దా?"

"ఎవురో మాధవరమోల్లు తెచ్చి అమ్మినారు."

అబద్ధం చెప్పే కూతుర్ని చూడలేక మాదన్న తల దించుకున్నాడు. లింగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, ఈసారి నవ్వు ఆపుకోవడానికి కాదు. నేల పోయింది.

అప్పుడు రంగన్న కదిలాడు. ముళ్ళకంప దగ్గరికి పోయి, చేతులు గీసుకుపోతున్నా లెక్కచెయ్యకుండా కొమ్మలు పట్టి లాగి అవతల పారేశాడు. వెనక వంగచెట్లు, గుత్తులు గుత్తులుగా కాయలతో బయటపడ్డాయి.

"అబద్దం సెప్తాంది," అన్నాడు. "ఇవి ఆయమ్మి చెట్లు. నాటింది నేను. పొగాకనుకోని నాటినా. మాదన్న బావా, మద్దన్నా, నాకు కండ్లు అగపడవు. ఏడాదాయ. మద్దన్నా, రేపట్నుంచి నా బండికి సరుకు ఎక్కియ్యొద్దు."

మద్దయ్య మిగిలిన రొట్టె నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు మాట్లాడాడు. "ఎండాకాలంలో ఆదోని గేటు కాడ నాకెదురొచ్చి, 'ఏమక్కా, బాగుండావా' అన్నెవు. గుర్తుందా?"

రంగన్న నోరు తెరుచుకుపోయింది. "అది నువ్వా?"

"నేనే. ఆ పొద్దే తెలిసె. ఆదోని దావలో బండోల్లందరికీ తెలుసు. నువ్వు బండి మీద ముందర కూసుంటావు గానీ, తోలేది నీ ఎడ్లు. నేను సరుకు ఎక్కించేది వాటిని నమ్మి."

మొదట లింగమ్మకే తన్నుకొచ్చింది నవ్వు. తర్వాత బజారికి. మాదన్నకు సగమే అర్థమైంది, అయినా నవ్వాడు. "అక్కనంట!" అని మద్దయ్య తన గుబురు మీసం తడుముకుంటుంటే రంగన్న కూడా బావిగట్టు పట్టుకుని పడీ పడీ నవ్వాడు. హులిగెమ్మ నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

"ఆపండి, ఆపండి," అన్నాడు రంగన్న చివరికి. "పందెం పందెమే. ముల్లుగర్ర ఇటియ్యి బజారీ. సగం కొలిచి గీత గీస్తా."

కర్ర కొన నేలకు ఆనించి, చామంతుల బారు మొదట్లో నిలబడి, ఆయన నడవడం మొదలుపెట్టాడు. సగం అంటే చామంతుల వెంబడి నేరుగా పోవాలి. నాలుగడుగులు నేరుగానే పోయింది గీత. తర్వాత మెల్లగా కుడికి, తన నేలలోకి వాలింది. ఇంకా వాలింది.

"యోవ్! నా సామంతులన్నీ కోడలి పక్కకు పోయినాయి!" అని అరిచింది లింగమ్మ.

"నువ్వు నవ్వినంత నవ్వినావు గదా, పోనీ," అంటూ ఆయన నడుస్తూనే ఉన్నాడు. గీత వంగచెట్లను చుట్టి, వాటిని కూడా ఇవతలికి వదిలి, ఇంకా దూరం జరిగింది. మాదన్న మద్దయ్య వైపు చూశాడు. మద్దయ్య ఆకాశం వైపు చూశాడు. ఆమెకు ఆశ లేదని నేను అబద్ధమాడను, హులిగెమ్మ ఒక్క క్షణం ఊరుకుంది. ఆ తర్వాత ఊరుకోలేకపోయింది. పరుగెత్తి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"మామా, గీత వంకర పోతాంది. నీ నేలంతా నా పక్కకు వస్తాంది."

రంగన్న ఆగలేదు. ఆమెను కూడా వెంట నడిపించుకుంటూ పోయాడు.

"పోయింది కండ్లే హులిగీ, కాళ్ళు కాదు. ముప్పై ఏండ్లుగా తొక్కిన దొడ్డి. గీత యాడ పోతాందో నాకు తెలుసు."

వెనక గోడకు బారెడు ఇవతల నిలబడి, ఆయన కర్రను భూమిలో గుచ్చాడు.

"నా సుట్టకు ఇది సాలు," అన్నాడు.